కెమెరా సామాను మోయడానికి ఏ పెట్టె, దాచడానికి ఏ పెట్టె

రెండేళ్ల క్రితం శ్రావణ మాసంలో చివరి పెళ్లి ముగించుకుని, జోరు వానలో తడుస్తూ అర్ధరాత్రి ఇంటికి చేరి, చెమ్మగా ఉన్న కెమెరాలను, లెన్సులను హార్డ్ కేసులో అలాగే పెట్టి, క్లిప్పులు బిగించి మంచం కిందికి తోసేశాను. భాద్రపదం శూన్యమాసం కాబట్టి పెళ్లిళ్లు లేవు, కేసు తెరవవలసిన అవసరమూ రాలేదు. ఆశ్వయుజంలో దాన్ని తెరిచి 85 ఎం.ఎం. లెన్సును కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే, ముందు గాజుకు లోపలివైపు, అంచు దగ్గర, సాలెగూటి పోగుకన్నా సన్నని తెల్లటి దారాలు కనిపించాయి. ఫంగస్ పట్టింది. ఆ కేసు చెరువులో పడినా లోపలికి చుక్క నీరు పోనిది. దాని రబ్బరు సీలు ఆ రోజుకీ చెక్కుచెదరలేదు. బయటి నీటిని రానివ్వని ఆ సీలే లోపలి చెమ్మను బయటికి పోనివ్వకుండా ఐదారు వారాలు భద్రంగా కాపాడింది.

కెమెరా కేసు కొనబోయేవారు నన్ను ఎక్కువగా అడిగేది ఏది గట్టిదని. అంతకన్నా ముందు వారు తమను తాము అడుక్కోవలసినవి రెండున్నాయి: ఈ సామాను దారిలో ఎన్ని గంటలు ఉంటుంది, ఇంట్లో ఎన్ని రోజులు ఉంటుంది. దారిలో దానికి దెబ్బ, కుదుపు, వాన, దుమ్ము, దొంగ అనే ఐదు భయాలుంటే, ఇంట్లో ఉన్న భయం తేమ ఒక్కటే. ఈ ఆరింటికీ ఒకే పెట్టె సరిపోతుందని అనుకున్నన్నాళ్లూ నేను డబ్బు తప్పుగానే ఖర్చు పెట్టాను. అందువల్ల మోసే సాధనాలను ఒకదానితో ఒకటి, దాచే సాధనాలను ఒకదానితో ఒకటి విడివిడిగా పోల్చడమే సరైన పద్ధతి.

మోసేవాటిలో హార్డ్ కేసు గురించి ముందుగా చెప్పుకోవాలి, ఎందుకంటే అందరి కళ్లూ దానిమీదే ఉంటాయి. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైన పెలికాన్ సంస్థ పేరే ఈ రకం పెట్టెలకు వాడుక పేరుగా స్థిరపడింది. ఏ కంపెనీది కొన్నా మన స్టూడియోలలో దాన్ని పెలికాన్ పెట్టె అనేవారు చాలామంది ఉన్నారు. మందపాటి ప్లాస్టిక్ గోడలు, మూత చుట్టూ రబ్బరు సీలు, గాలిని మాత్రమే పోనిచ్చి నీటిని ఆపే చిన్న వాల్వు, తాళం వేసుకోవడానికి లోహపు అంచు ఉన్న రంధ్రాలు దీని ముఖ్య లక్షణాలు. వీటిమీద కనిపించే ఐపీ67 అనే గుర్తులో 6 అంటే దుమ్ము బొత్తిగా చొరబడదని, 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా లోపలికి నీరు రాదని అర్థం. కొల్లేరులో ఆటపాక దగ్గర పడవ మీద పక్షుల ఫొటోలకు వెళ్లేవారికి, కోరింగ మడ అడవుల్లో తిరిగేవారికి, నల్లమల ఎర్రమట్టి దారుల్లో జీపు వెనక సామాను వేసుకునేవారికి ఈ రెండు అంకెలూ నిజంగా పనికొస్తాయి. విమానం దిగాక మూత మొండికేసి రాకపోతే లోపల గాలి ఒత్తిడి బయటికన్నా తగ్గి ఉండడమే కారణమని గుర్తించాలి. పాత రకాల్లో వాల్వు మరను చేత్తో కాస్త వదులు చేస్తే గాలి లోపలికి పోయి మూత తేలిగ్గా వస్తుంది, కొత్త రకాల్లో ఆ పని దానంతట అదే జరుగుతుంది.

హార్డ్ కేసు కొనేటప్పుడు పెట్టెకన్నా లోపలి అమరిక మీద ఎక్కువ ఆలోచించాలని నా అభిప్రాయం. చిన్న చిన్న ఘనాలుగా కోసి ఉండే ఫోమ్‌ను కెమెరా ఆకారానికి తగ్గట్టు వేళ్లతో పీకి గూళ్లు చేసుకోవచ్చు; ఆ గూటిలో కూర్చున్న వస్తువు ఎంత కుదిపినా కదలదు. అయితే ఒకసారి పీకిన ముక్కను మళ్లీ అతికించలేము, రెండేళ్లకు కెమెరా మారిస్తే ఆ ఫోమ్ మొత్తం వృథా. డ్రోన్‌కు, మైకులకు, ఎప్పటికీ మారని సామానుకు ఫోమ్ మంచిది. లెన్సులు తరచు మారుస్తూ, ఈ పెళ్లికి రెండు బాడీలు (లెన్సు లేని కెమెరాలు), ఆ పెళ్లికి మూడు ఫ్లాషులు అన్నట్టుగా ఉండేవారికి వెల్క్రోతో అంటించుకునే మెత్తటి అడ్డుగోడలే మేలు. ఏది ఎంచుకున్నా, రెండు వస్తువుల మధ్య కనీసం రెండు వేళ్ల మందం మెత్తదనం ఉండాలి, బాడీ నుంచి లెన్సు విడదీసి రెండింటికీ మూతలు పెట్టాలి. లెన్సు తగిలించిన కెమెరాను అలాగే పడుకోబెడితే ప్రతి కుదుపుకూ బరువంతా లెన్సు బిగించే ఉంగరం మీద పడుతుంది.

హార్డ్ కేసు లోపాలు బరువు, ఎండకు వేడెక్కడం. నల్లటి పెట్టెను మే నెలలో కారు డిక్కీలో వదిలితే లోపల ఏం జరుగుతుందో రెంటచింతల వైపు మధ్యాహ్నం పెళ్లికి వెళ్లినవారికి చెప్పనక్కర్లేదు. కెమెరా తయారీదారులు సాధారణంగా వాడకానికి పెట్టే హద్దు 40 డిగ్రీలు. బ్యాటరీలు అంతకు మించిన వేడిలో త్వరగా ముసలివవుతాయి. నేను ఒక పాత తెల్ల పంచెను నాలుగు మడతలు వేసి పెట్టె మీద కప్పుతాను, బ్యాటరీలను మాత్రం నాతోపాటు లోపలికి తీసుకెళతాను.

బరువు మాట విమానం దగ్గర తేలిపోతుంది. మన దేశంలోపలి విమానాల్లో సాధారణ తరగతి ప్రయాణికుడు వెంట తీసుకెళ్లగలిగేది ఒక్క బ్యాగు, సాధారణంగా 7 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 115 సెంటీమీటర్లు. చేతి సామానుగా పనికివస్తుందని పేరుపడ్డ పెలికాన్ 1510 కొలతలు సుమారు 56, 35, 23 సెంటీమీటర్లు, అంటే మొత్తం 114. కొలత దగ్గర గట్టెక్కుతుంది. కానీ ఫోమ్‌తో కలిపి ఖాళీ పెట్టె బరువే 6 కిలోలు దాటుతుంది. ఇప్పుడు ఒక మామూలు పెళ్లి కిట్టు లెక్క వేద్దాం: సోనీ ఏ7 ఫోర్ బాడీ బ్యాటరీతో 658 గ్రాములు, రెండు బాడీలు 1,316, 24-70 జీ మాస్టర్ రెండో తరం లెన్సు 695, 70-200 రెండో తరం 1,045. ఇవి మూడు కిలోల పైచిలుకు. ఫ్లాషు, ఛార్జరు, బ్యాటరీలు, కార్డులు కలిపి ఇంకో కిలో అనుకుంటే నాలుగు కిలోలు. రెండు కిలోల బ్యాక్‌ప్యాక్‌లో ఈ సామాను ఆరు కిలోలతో పరిమితిలోనే ఉంటుంది, 1510లో పది కిలోలు దాటుతుంది. పెలికాన్ కంపెనీయే 1535 ఎయిర్ పేరుతో తెచ్చిన తేలిక పెట్టె ఖాళీగా నాలుగు కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కనుక నష్టం తగ్గుతుందే గాని, ఏడు కిలోల గీత మాత్రం దాటక తప్పదు. కౌంటరు దగ్గర తూకం వేసి, దీన్ని కింద సామానులో వేయండని చెప్పిన రోజున, లోపల బ్యాటరీలు ఉన్నాయన్న సంగతి గుర్తొచ్చి, వరుసలో నా వెనకవాళ్లు విసుక్కుంటుండగా నేల మీద పెట్టె తెరిచి బ్యాటరీలు ఏరుకున్న అనుభవం నాకుంది.

విడి లిథియం బ్యాటరీలు కింద వేసే సామానులో ఉండకూడదన్నది అన్ని విమాన సంస్థలకూ వర్తించే నియమం. 100 వాట్-అవర్లలోపువి వెంట తీసుకెళ్లవచ్చు, 100 నుంచి 160 మధ్య ఉన్నవాటికి విమాన సంస్థ అనుమతి కావాలి. బ్యాటరీ మీద రాసి ఉన్న వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే ఈ అంకె వస్తుంది. సోనీ పెద్ద బ్యాటరీ 7.2 వోల్టులు, 2.28 ఆంపియర్-అవర్లు కాబట్టి 16.4. కెమెరా బ్యాటరీలతో చిక్కు ఉండదు, వీడియో లైట్ల పెద్ద బ్యాటరీలను మాత్రం ముందే లెక్క చూసుకోవాలి. ప్రతి బ్యాటరీకీ మూత గాని, కొనల మీద టేపు గాని, విడి సంచి గాని ఉండాలి. దీన్నిబట్టి విమాన ప్రయాణానికి నేను చెప్పే ఏర్పాటు ఇది: కెమెరాలు, లెన్సులు, బ్యాటరీలు బ్యాక్‌ప్యాక్‌లో మీ వెంట, లైట్లు, స్టాండ్లు, వీడియో వణక్కుండా కెమెరాను పట్టి ఉంచే గింబల్ హార్డ్ కేసులో తాళం వేసి కింద. అమెరికా వెళ్లేవారు అక్కడి తనిఖీ అధికారులు తమ దగ్గరున్న తాళంచెవితో తెరవగలిగే టీఎస్ఏ గుర్తు తాళం కొనుక్కుంటే, పెట్టె క్లిప్పులు విరగ్గొట్టించుకునే అవస్థ ఉండదు.

బ్యాక్‌ప్యాక్ నా దృష్టిలో మనలో అత్యధికులకు మొదటి కొనుగోలు. మోటారు సైకిలు మీద తిరిగేవారికైతే ఇంకో ఆలోచనే వద్దు, ఎందుకంటే గుంతలో బండి పడినప్పుడు ఆ కుదుపులో పెద్ద వంతును మన ఒళ్లే మింగేసి బ్యాగుదాకా కొద్దిగానే పోనిస్తుంది; అదే బ్యాగును స్కూటరు ముందు పలక మీద పెడితే కుదుపంతా దానికే తగులుతుంది, నెలల తరబడి ఆ వణుకుకు లెన్సుల్లో మరలు వదులవుతాయి. బ్యాక్‌ప్యాక్‌లలో వీపువైపు తెరుచుకునేవి, ముందువైపు తెరుచుకునేవి అని రెండు రకాలున్నాయి. రద్దీ బస్సులో, జాతరలో, రైలు ఎక్కే తోపులాటలో వెనకనుంచి ఎవరూ జిప్పు తీయలేరు కనుక వీపువైపు తెరుచుకునేది క్షేమం. తడి నేల మీద పడుకోబెట్టి తెరిచినా వీపుకు ఆనే భాగానికి బురద అంటదన్నది రెండో లాభం.

వాన కవరు విషయంలో దుకాణదారు చెప్పని మాట ఒకటుంది. అది బ్యాగుకు మూడు వైపులే కప్పుతుంది, పట్టీలున్న వీపువైపు తెరిచే ఉంటుంది. బండి మీద గంటసేపు వానలో వెళితే చొక్కా మీదుగా కారిన నీరు ఆ వైపునుంచి లోపలికి ఇంకుతుంది, వేగానికి కవరు బెలూనులా ఉబ్బుతుంది. కవరు ఉన్నా, లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిని మడిచి ఉంచుకోవడం, వాన మొదలవగానే కెమెరాలను అందులో చుట్టడం నేను ఎప్పుడూ మానను.

బ్యాక్‌ప్యాక్ ఓడిపోయేది పెళ్లి పందిట్లో. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో అడ్డుతెర దిగుతుండగా, వీపు మీద బ్యాగు దించి, తిప్పి, జిప్పు తీసి లెన్సు మార్చే వ్యవధి ఎవరికీ ఉండదు. అక్కడ భుజానికి అడ్డంగా వేసుకునే బ్యాగుదే రాజ్యం. ఫిలడెల్ఫియాలో పత్రికా ఫొటోగ్రాఫరుగా పనిచేసిన జిమ్ డామ్కే 1970లలో తన పనికోసం కుట్టించుకున్న మెత్తని కాన్వాస్ సంచి ఇప్పటికీ ఆ రూపంలోనే అమ్ముడవుతోందంటే కారణం అదే: చెయ్యి పెట్టగానే వస్తువు చేతికొస్తుంది. కానీ ఆ తెరిచిన నోట్లోకి తలంబ్రాలు కూడా వచ్చి పడతాయి. పసుపు బియ్యం గింజలు అడ్డుగోడల వెల్క్రోలో ఇరుక్కుని, నెల తరవాత వేరే ఊళ్లో లెన్సు తీస్తుంటే జారి కెమెరా సెన్సరు మీద పసుపు చుక్క పెట్టిన సందర్భం నాకొకటి ఉంది. పైగా నాలుగు కిలోలు ఒకే భుజం మీద ఎనిమిది గంటలు మోయడం నలభై దాటినవారికి నేను సలహా ఇవ్వను. ఆ వేళకు కావలసిన ఒక లెన్సు, రెండు బ్యాటరీలు మాత్రమే అందులో వేసుకుని, మిగతాది తాళం వేసిన హార్డ్ కేసులో విడిదింట్లో ఉంచడం మంచిది.

చక్రాల ట్రాలీలు విమానాశ్రయం నేల మీద హాయిగా నడుస్తాయి, మన వీధుల్లో వణుకుతాయి. అల్యూమినియం పెట్టెలు వీడియో క్యాసెట్ల కాలంలో స్టూడియోకు హోదాగా ఉండేవి. మూలలు సొట్టపడతాయి, చాలావాటికి సీలు ఉండదు, లోపల విలువైనదేదో ఉందని దూరానికే చాటుతాయి. కెమెరాతో ఉచితంగా వచ్చే బ్యాగు ఛార్జర్లు, వైర్లు వేసుకోవడానికి బాగుంటుంది.

రైలు ప్రయాణానికి ఒక్క మాట. కింది బెర్తు అడుగున ఉండే ఇనుప కొక్కేనికి హార్డ్ కేసు తాళపు రంధ్రంలోనుంచి గొలుసు వేసి కట్టవచ్చు. బ్యాక్‌ప్యాక్ అయితే పై బెర్తు మీద తలగడగా పెట్టుకోవడమే మార్గం, నిద్ర మాత్రం సరిగ్గా పట్టదు.

ఇక ఇంటి సంగతి. ఫంగస్ బీజాలు గాలిలో ఎక్కడైనా ఉంటాయి, వాటిని ఆపలేము. గాలిలో తేమ 60 శాతం దాటి రోజుల తరబడి నిలిచినప్పుడు, చీకటి కూడా తోడైతే అవి మొలుస్తాయి, వాటినుంచి వచ్చే ఆమ్లాలు గాజు మీది పూతను తినేస్తాయి. లెన్సులకు 40 నుంచి 50 శాతం తేమ అనుకూలం. 30 కన్నా తగ్గితే రబ్బరు, లోపలి గ్రీజు ఎండిపోతాయి కాబట్టి మరీ పొడిగా ఉంచడమూ తప్పే. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో గాలే పొడిగా ఉంటుంది, జాగ్రత్త వానాకాలానికి సరిపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో ఏడాది పొడవునా జాగ్రత్త కావాలి.

మన ఇళ్లలో విలువైన ప్రతిదీ బీరువాలోకి చేరుతుంది, అక్కడ పట్టుచీరల మధ్య కలరా ఉండలు ఉంటాయి. కెమెరాను కలరా ఉండలతో గాని, కర్పూరంతో గాని కలిపి ఉంచవద్దని నికాన్ వంటి తయారీదారులు తమ కెమెరాల వెంట ఇచ్చే పుస్తకంలోనే రాస్తారు. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటూ మానుకోవాలి. పిండి ధూళి తప్ప దాని వల్ల ఒరిగేదేమీ లేదు. తోలు కేసు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, అందం కోసం కొన్నా దాచడానికి వాడకూడదు.

నిలవ చేయడానికి ఆచరణలో మిగిలేవి రెండు: గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్. ఒక బాడీ, రెండు మూడు లెన్సులు ఉన్నవారికి మొదటిది చాలు. వంటింటి సామాను దుకాణంలో దొరికే, నాలుగు వైపులా క్లిప్పులు, మూతకు రబ్బరు ఉన్న 20 లీటర్ల డబ్బా, పావుకిలో సిలికా జెల్, తేమ చూపే చిన్న డిజిటల్ మీటరు కొంటే పని అయిపోతుంది. ఇక్కడ ఒక లెక్క చూడండి. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉన్న 20 లీటర్ల గాలిలో ఉండే నీరు అర గ్రాము మాత్రమే. పావుకిలో జెల్ దానికి పదుల రెట్లు నీటిని పట్టగలదు. అయినా వారానికే జెల్ రంగు మారిపోతోందంటే నీరు గాలినుంచి రావడం లేదన్నమాట. డబ్బాలో పెట్టిన కెమెరా పట్టీనుంచి, తుడిచే గుడ్డనుంచి, మెత్తటి సంచీనుంచి వస్తోంది. అందుకే డబ్బాలోకి గాజు, లోహం మాత్రమే వెళ్లాలి. బట్ట, ఫోమ్ బయటే ఉండాలి. హార్డ్ కేసును నిలవ పెట్టెగా వాడవద్దని నేను పట్టుబట్టడానికి కారణం కూడా ఇదే, దాని కడుపునిండా ఉండేది ఫోమే.

జెల్‌లో నీలం గింజలు తేమ పట్టాక గులాబీ రంగుకు, నారింజ గింజలు ఆకుపచ్చకు మారతాయి. నీలం రంగు కోబాల్టు క్లోరైడుది, అది ఆరోగ్యానికి మంచిది కాదు కాబట్టి నారింజ రకమే కొనండి. 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. ఓవెన్ లేనివారు పాత మూకుడులో సన్నని సెగ మీద కలుపుతూ వేయించవచ్చు, ఆ మూకుడు తిరిగి వంటకు వాడకూడదు.

ఐదు లెన్సులు దాటాక, లేదా నెలకోసారి జెల్ వేయించే ఓపిక లేనప్పుడు డ్రై క్యాబినెట్ కొనాలి. ఇవి రెండు రకాలు: ఒకదానిలో చల్లటి పలక మీద తేమ నీరుగా మారి బయటికి పోతుంది, రెండోదానిలో తేమ పీల్చే దిమ్మెను యంత్రమే అప్పుడప్పుడు వేడి చేసి ఆ ఆవిరిని బయటికి వదులుతుంది. రెండూ తీసుకునే కరెంటు చాలా తక్కువ, కొన్ని గంటలు కరెంటు పోయినా తలుపు తీయకపోతే లోపలి తేమ పెద్దగా పెరగదు. తేమను 45 శాతం దగ్గర పెట్టి వదిలేయవచ్చు. సోనీ 200-600 వంటి లెన్సు ఒక్కటే 32 సెంటీమీటర్ల పొడవుంటుంది కనుక, పక్షుల ఫొటోలు తీసేవారు లీటర్ల అంకె చూసి మోసపోకుండా అరల మధ్య ఎత్తును, లోపలి వెడల్పును టేపుతో కొలిచి కొనాలి. ఏ లెక్కకైనా ఇప్పుడున్న సామానుకు రెట్టింపు చోటున్నది తీసుకోండి, అది నిండడానికి మీరనుకున్నంత కాలం పట్టదు.

కొనే వరుస అడిగితే: ముందు బ్యాక్‌ప్యాక్, దానితోపాటే జెల్ డబ్బా, డబ్బు చేతిలో ఆడినప్పుడు డ్రై క్యాబినెట్, కారులో బృందంతో తిరుగుతున్నా, డ్రోన్ ఉన్నా, నీటి మీద పని ఉన్నా అప్పుడు హార్డ్ కేసు. అందరూ మొదట కొనేదాన్ని నేను చివర పెట్టడం కొందరికి నచ్చదని తెలుసు.

హార్డ్ కేసును పాతది కొన్నా నష్టం లేదు, చూసి కొంటే. మూత సీలు మధ్య కాగితం ముక్క పెట్టి మూసి, చుట్టూ నాలుగైదు చోట్ల లాగి చూడండి. ఎక్కడైనా తేలిగ్గా జారి వస్తే ఆ సీలు నలిగిపోయిందన్నమాట, చాలా కంపెనీలు దాన్ని విడిగా అమ్ముతాయి. ఆ తరవాత లోపలి ఫోమ్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. మన వేడికి, తేమకు ఫోమ్ కొన్నేళ్లలో జిగురుగా మారి పొడి రాలుతుంది, ఆ పొడి జూమ్ రింగు సందుల్లోకి పోతే బాగుచేయడం కష్టం. నొక్కినచోట గుంట అలాగే ఉండిపోయి వేలికి నల్లగా అంటుకుంటే, బేరంలో ఆ ఫోమ్ ఖర్చు తగ్గించుకుని పెట్టెను మాత్రం ఇంటికి తెచ్చుకోండి.